సణుగు, మూలుగు, మొర: మంచం పట్టిన ఒక విశ్వాసి కేస్ స్టడీ

రోగి వయసు 61. జమ్మలమడుగు వైపు ఒక పల్లె, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) సంఘంలో పుట్టి పెరిగిన మనిషి. భర్త లేడు. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ జరిగి మూడేళ్లయింది. ఇప్పుడది నడుము వెన్నుపూసకూ ఎడమ తుంటి ఎముకకూ పాకింది. కర్నూలులో రేడియేషన్ పెట్టించి ఇంటికి తెచ్చుకున్నారు. కొడుకు నాపరాళ్ల గనిలో కూలి. కోడలు ఇంటిపట్టున ఉండి అత్తనూ ఇద్దరు పిల్లల్నీ చూసుకుంటుంది. మనిషి ఆనవాలు తెలియకుండా రాస్తున్నాం.

ఇంటికి వెళ్లిన బృందంలో ముగ్గురు: ఒక నర్సు, ఒక బైబిలు స్త్రీ (ఇళ్లకు వెళ్లి వాక్యం చెప్పే సంఘ సేవకురాలు), పాస్టరు. పిలుపు వచ్చింది మాత్రం నొప్పి గురించి కాదు. స్త్రీల మైత్రి (సంఘంలోని ఆడవాళ్ల బృందం) వాళ్లు పిలిచారు: "వచ్చి చూడండి, ఎంత ఓర్పో. నోట ఒక్క సణుగు లేదు. అందరికీ సాక్ష్యంగా ఉంది." ఈ కేసు మొత్తానికి ఇదే అసలు చిక్కు. రోగి మౌనాన్ని సంఘం ఆత్మీయ ఫలంగా లెక్కవేసుకుంది. ఆ లెక్క తప్పిపోకుండా కాపాడే భారం రోగి నెత్తిన పడింది.

మొదటి రోజు కనబడినది

మే నెల. ఎండకు తాళలేక ఆమె మంచం దిగి చల్లగా ఉంటుందని కడప బండ మీద ఒక్క చాప వేసుకుని పడుకుని ఉంది. "ఎట్లుందమ్మా?" అంటే "బాగనే ఉండానమ్మా, దేవుని కృప" అంది. పక్కకు తిప్పబోతే మాట రాలేదు, మూలుగు కూడా రాలేదు. కొంగు చివర నోట్లో కుక్కుకుని కొరికింది. ఆ కొంగు చివర నిండా పళ్ల గాట్లు, ఒకచోట చిరుగు. అది ఆ ఒక్కరోజు గాటు కాదు.

కోడలిని పెరట్లోకి పిలిచి విడిగా అడిగితే మిగతాది తెలిసింది. రాత్రికి గంటా రెండు గంటలకు మించి నిద్ర లేదు. ఆరు రోజులుగా విరేచనం లేదు. తిండి రోజుకు అరగ్లాసు రాగి అంబలి. నడుము కింద ఐదు రూపాయల బిళ్లంత పుండు. ఆసుపత్రిలో ఇచ్చిన నొప్పి మాత్రలు బైబిలు సంచి అడుగున చీటీతో సహా అట్లాగే ఉన్నాయి. పారాసెటమాల్ మాత్రం "మరీ తట్టుకోలేనప్పుడు" ఒకటి వేసుకునేది. పది మాత్రల అట్ట పన్నెండు రోజులొచ్చింది.

ఇటువంటి రోగిని "నొప్పి ఉందా?" అని అడగకూడదు. "లేదు" అనే జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది. ఉందని ఒప్పుకుంటే సణిగినట్టవుతుందని భయం. ఒకటి నుంచి పది దాకా అంకె చెప్పమన్నా ఆమెకు అందలేదు. పదహారు అణాల రూపాయి లెక్క అందింది. "నొప్పి రూపాయనుకో, ఇప్పుడు ఎన్ని అణాలమ్మా?" ఆమె కాసేపు పైకప్పు వైపు చూసి, "పన్నెండణాలుంటాది" అంది. "తిప్పినప్పుడో?" "రూపాయి." నొప్పి ఉందా అంటే లేదన్న మనిషే అణాల్లో అడిగేసరికి నిజం చెప్పింది. లెక్క చెప్పడం ఫిర్యాదు చేయడంలా అనిపించదు. అందుకే ఈ పద్ధతి పాత తరంలో బాగా పనిచేస్తుంది.

ఎందుకు దాచింది

కారణాలు ఒక్కరోజులో బయటికి రాలేదు. నాలుగు సందర్శనల్లో ఒక్కొక్కటీ వచ్చాయి. అరణ్యంలో ఇశ్రాయేలీయులు సణిగినందుకు అగ్ని వచ్చింది, పాములు వచ్చాయి అన్న ప్రసంగం చిన్నప్పటి నుంచి విని ఉంది. కష్టాల్లో పడిన భక్తుడు యోబు మాట, "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను", కంఠతా వచ్చు. అదే గ్రంథంలో మూడో అధ్యాయం నుంచి యోబు ఎంత కటువుగా మొరపెట్టుకున్నాడో ఆమెకు ఎవరూ చదివి వినిపించలేదు. ఒక స్వస్థత కూటంలో చేతులుంచి "బాగైపోయింది" అన్నారు. ఆ తర్వాత నొప్పి ఉందని చెబితే అవిశ్వాసం కిందికి వస్తుందనుకుంది. చివరిది డబ్బు. ఆటో కిరాయికే కొడుకు రెండు రోజుల కూలి పోతుంది. ఈ ఆఖరి కారణం బయటికి రావడానికే అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టింది. ఎప్పుడూ ఇంతే. వాక్యం మాటున డబ్బు దాక్కుని ఉంటుంది. దాన్ని తెలుసుకోకుండా వాక్యం మీద వాదించి లాభం లేదు.

ఇంకొకటి కోడలి నోట వచ్చింది. పగలు చూడవచ్చిన వాళ్ల ముందు దేవదూతలా ఉండే అత్త, రాత్రి రెండు దాటాక "నేను సచ్చేదాకా చూస్తుండావు గదా" అని విసురుకునేది. నీళ్లు ఆలస్యమైతే గ్లాసు తోసేసేది. దాచిపెట్టిన నొప్పి దాగి ఉండదు. ఇంట్లో అందరికంటే తక్కువ నోరున్న వాళ్ల మీద పడుతుంది. ఈ ఇంట్లో వాక్యం వద్దన్న సణుగు నిజంగా ఉంది. అది ఎవరి మీద పడిందో వాళ్లను సంఘం ఎన్నడూ అడగలేదు.

మాటల తేడా

"సణుగులును సంశయములును మాని, సమస్త కార్యములను చేయుడి" అని ఫిలిప్పీ పత్రిక 2:14లో ఉంది. అక్కడి గ్రీకు మాట గొంగుస్మోస్, చప్పుడును బట్టి పుట్టిన మాట. మన సణుగుడు, గొణుగుడు కూడా అట్లాంటివే. సణుగు ఎవరి ముఖం చూసీ అనేది కాదు. ముఖం పక్కకు తిప్పుకుని, వినాల్సిన వాడికి వినబడకుండా అనేది. మొర అట్లా కాదు. పేరు పెట్టి పిలిచి, ఎదుట నిలబడి పెట్టేది. ఇక మూలుగు మనసు ఎంచుకునేది కాదు, ఒంటి నుంచి వచ్చేది. రోమా పత్రిక 8:26 ఆత్మ కూడా మూలుగులతో విజ్ఞాపన చేస్తాడంటుంది. హిజ్కియా రాజు రోగంలో "గువ్వవలె మూల్గితిని" అని రాసుకున్నాడు. ఆ అధ్యాయం చివర్లో, యెషయా 38:21లో, అతని పుండుకు అంజూరపు పండ్ల ముద్ద వేయమని చెప్పింది ప్రవక్తే.

ఈ కేసులో ఎక్కువగా పనికొచ్చింది సంఖ్యాకాండం 11. ఆమెను భయపెట్టిన అధ్యాయం అదే కాబట్టి దాన్నే పూర్తిగా చదివాం. జనం సణిగితే అగ్ని రగిలింది, నిజమే. అదే అధ్యాయంలో మోషే దేవునితో ఈ భారం నేను మోయలేను, ఇట్లా చేసేకంటే నన్ను చంపెయ్ అన్నాడు. మాట తీవ్రత చూస్తే జనం మాట కంటే మోషే మాటే కటువు. అతని మీదికి అగ్ని రాలేదు. భారం పంచుకోవడానికి 70 మంది పెద్దలు వచ్చారు. జనం దేవుని గురించి తమలో తాము అనుకున్నారు, మోషే దేవునితో అన్నాడు. ఇది విన్నాక ఆమె అన్న మాట: "అయితే అయ్యకు చెప్పుకోవచ్చా?" ఆ "అయ్య" దేవుడా డాక్టరా అని మేము అడగలేదు. ఇద్దరికీ చెప్పుకోవచ్చు.

యోబు గ్రంథం కూడా చివరిదాకా చూపించాలి. 42:7లో దేవుని కోపం యోబు మీద కాదు, తన పక్షాన వాదించామనుకున్న స్నేహితుల మీద. కీర్తనల్లో 39వది మౌనంతోనే మొదలవుతుంది. నోరు మూసుకున్న దావీదుకు "నా విచారము అధికమాయెను". మౌనం నొప్పిని పెంచుతుందని వైద్యం చెప్పడానికి చాలాకాలం ముందే ఉన్న మాట అది.

మాత్రలు ముందు

పన్నెండణాల నొప్పిలో ఉన్న మనిషికి వాక్యం ఎక్కదు. ఇది మా గట్టి అభిప్రాయం. అందుకే మొదటి వారం బోధ పెట్టుకోలేదు. చిన్న ప్రార్థన, అంతే.

నర్సు డాక్టరుతో మాట్లాడింది. సంచిలోని మాత్రల స్థానంలో మార్ఫిన్ అనే గట్టి నొప్పి మందు రాశారు. ఇది మామూలు మందుల షాపులో దొరకదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించాక గుర్తింపు పొందిన వైద్య సంస్థల ద్వారా ఇవ్వడం కొంత సులువైంది. మాత్ర 10 మిల్లీగ్రాములది. ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6 గంటలకు సగం సగం, రాత్రి 10కి నిద్ర చెడకుండా ఒకటి పూర్తిగా. రోజుకు మూడు మాత్రలు, రెండు వారాలకు 42, మధ్యలో నొప్పి పొంగితే వేయడానికి మరికొన్ని సగాలు. డబ్బా పిల్లలకు అందని చోట, తాళంలో పెట్టాలి. ఈ మోతాదు ఈ మనిషికి డాక్టరు రాసింది. ఇంకొకరికి ఇదే అని ఎవరూ అనుకోకూడదు.

నొప్పి వచ్చాక వేసుకోవడం కాదు, రాకముందే గడియారం చూసి వేయాలి. పాత మాత్ర బలం తగ్గి నొప్పి మళ్లీ లేచాక కొత్తది పనిచేసేసరికి అరగంట నుంచి గంట పడుతుంది, అంతసేపూ కొంగు నోట్లోనే ఉంటుంది. లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (చివరి దశ రోగుల సంరక్షణ కేంద్రం) తెరిచిన సిసిలీ సాండర్స్, ఆమె కూడా విశ్వాసే, గట్టిగా పట్టుబట్టింది ఈ వేళల మీదే. ఒంటి నొప్పి, మనసు నొప్పి, ఇంటి గొడవ, ఆత్మ దిగులు కలిసి ఒకే నొప్పిగా వస్తాయని చెప్పింది కూడా ఆమే.

మార్ఫిన్ మొదలైన రోజే విరేచనం మందు మొదలవ్వాలి. వికారం, మగత కొన్ని రోజుల్లో సర్దుకుంటాయి గానీ మలబద్ధకం తనంతట తగ్గదు. ఈమెకు ముందు ఎనిమా ఇచ్చి పేరుకున్నది తీశాకే రాత్రి వేసే విరేచనం మాత్రలు మొదలుపెట్టారు. నీళ్లు సరిగా తాగని మనిషికి ఇసబ్గోల్ పెట్టడం మంచిది కాదు, పేగులో ఇంకా గట్టిపడుతుంది. పుండుకు అరలీటరు మరిగించి చల్లార్చిన నీళ్లలో ఒక టీస్పూన్ ఉప్పు కలిపి కడగడం, బండ మీద నుంచి నీటి పరుపు మీదికి మార్చడం, రెండు గంటలకోసారి తిప్పడం. నొప్పి ఉన్న ఎడమ తుంటి మీదికి పూర్తిగా తిప్పకుండా వీపు వెనక దిండు పెట్టి కొంచెం వాల్చితే చాలు. కట్టు మార్చడానికి అరగంట ముందు పొంగునొప్పి కోసం ఇచ్చిన సగం మాత్ర.

కోడలికి ఒక్కటి మాత్రం రాసి గోడకు అంటించాం: కాళ్లు తిమ్మిరి పట్టినా, బలం తగ్గినా, మూత్రం ఆగినా అదే రోజు ఆసుపత్రికి. వెన్నుపూస క్యాన్సర్ నరాన్ని నొక్కితే గంటల్లో కాళ్లు పడిపోవచ్చు. "ఓర్చుకుంటాలే" అన్న మాటకు అక్కడ తావులేదు.

అణాల లెక్క రాయడానికి కొత్త పుస్తకం కొనలేదు. గోడకు రోజుకో వాక్యం ఉండే సంఘం క్యాలెండరు ఉంది. ప్రతి తేదీ గడిలో కోడలు పెన్సిలుతో ఉదయం, రాత్రి అణాలు, విరేచనం అయితే ఒక చుక్క వేసేది. నాలుగో రోజుకు పన్నెండు ఆరైంది.

ఆగిపోయిన చోట్లు

మొదటి పొరపాటు బృందానిది. రెండో సందర్శనలో నలుగురు బంధువులు, ఇద్దరు సంఘపెద్దలు కూర్చుని ఉండగా 88వ కీర్తన చదివారు. చీకటితో ముగిసే కీర్తన అది. ఆమె కళ్లు మూసుకుంది, తర్వాత రెండు రోజులు అణాలు కూడా చెప్పలేదు. ఒంటరిగా విన్నప్పుడు ఓదార్పయ్యే మాట పదిమందిలో తన గుట్టు విప్పినట్టయింది. మొర నేర్పడం మంచం పక్కన ఇద్దరి మధ్య జరగాలి.

రెండోది నాలుగో రోజు తర్వాత. పగలంతా నిద్రపోతోందని పక్కింటి వాళ్లు "మత్తుమందు పెట్టి పడేసినారు" అన్నారు. ఒక పెద్దాయన 1 పేతురు 5:8 ఎత్తాడు: "నిబ్బరమైన బుద్ధిగలవారై మెలకువగా ఉండుడి." కోడలు భయపడి మాత్రలు ఆపింది. మరుసటి రాత్రికి క్యాలెండరులో 14 అణాలు. నిజానికి ఆ నిద్ర మందు మత్తు ఒక్కటే కాదు, నెలల తరబడి పోయిన నిద్ర తీరుతోంది. మందుకు ఒళ్లు అలవాటు పడే రెండు మూడు రోజుల మగతా అందులో కలిసింది. ఇది మందు మొదలుపెట్టే రోజే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పి ఉండాల్సింది. పిలిస్తే పలుకుతుంటే, ఊపిరి మామూలుగా ఉంటే భయం లేదు. పలక్కపోతే, ఊపిరి బాగా నెమ్మదిస్తే వెంటనే ఫోన్ చేయాలి. మాత్రలు తిరిగి మొదలుపెట్టాక రెండు రోజుల్లో ఆమె పగలు మేలుకుని కూర్చుంది. ఆ పెద్దాయన వచ్చి చూసి వెళ్లాడు, ఇంకేమీ అనలేదు.

ఆమె కూడా ఒక అభ్యంతరం పెట్టింది, అది బలమైనదే. సిలువ దగ్గర చేదు కలిపిన ద్రాక్షారసం ఇస్తే ప్రభువు రుచి చూసి వద్దన్నాడు గదా, నేనెట్ల మింగేది? మత్తయి 27:34. దీనికి తొందరపడి జవాబు చెప్పకూడదు. ఆయన మోసింది లోకపాప భారం, అది ఆమె మోయాల్సింది కాదు. ఇంకా ఆయనే చివర్లో "దప్పిగొనుచున్నాను" అన్నాడు, చిరక (పులిసిన ద్రాక్షారసం) పుచ్చుకున్నాడు. నోరు తెరవని గొర్రెపిల్ల అని యెషయా చెప్పినవాడే తనకు కావలసింది ఉన్నది ఉన్నట్టుగా, ఒక్క మాటలో అడిగాడు. ఆమె ఆ తర్వాత అడగడం నేర్చుకున్నది ఈ మాట నుంచే.

ఆర్.సి.ఎం. (రోమన్ కతోలిక) కుటుంబాల్లో ఇదే అభ్యంతరం ఇంకోలా వస్తుంది: బాధను క్రీస్తు బాధతో కలిపి అర్పించాలి గదా, మందుతో తగ్గించుకుంటే అర్పణ తగ్గదా? పన్నెండో భక్తినాథ (పయస్) పోపు 1957 ఫిబ్రవరిలో మత్తు వైద్యుల ప్రశ్నలకు జవాబిస్తూ, నొప్పి తగ్గించే మందు తీసుకోవడం న్యాయమేనని స్పష్టంగా చెప్పారు. అర్పణ మనసుతో చేసేది, నొప్పి అణాలతో కొలిచేది కాదు.

మొర పెట్టించిన తీరు

మూడో వారం నుంచి 13వ కీర్తన. ఆరే వచనాలు. మూడు సందర్శనల్లో రెండేసి చొప్పున. మొదటి రోజు "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" దగ్గరే ఆపాలి. చివరి రెండు వచనాల్లో స్తుతి ఉంది కదా అని మొదటిరోజే అక్కడికి దూకితే రోగి మళ్లీ పాత పాటే అందుకుంటుంది: బాగనే ఉండాను, దేవుని కృప. వేళ కూడా చూసుకోవాలి. 10 గంటల మాత్ర వేసిన ముక్కాలు గంటకు కూర్చుంటే మనసు నిలుస్తుంది. పదిహేను నిమిషాలు చాలు.

వచనం చదివాక ఆమె సొంత మాటల్లో దేవునితో చెప్పాలి, బృందం నోరెత్తకూడదు. మొదటిసారి చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత, "ప్రభువా, రెండు సంవత్సరాలాయె. నడుము ఇరిగిపోతాంది. నీకు కనపడలేదా?" అని ఏడ్చింది. పక్కన ఎవరూ "ఊరుకో అమ్మా" అనలేదు. అనకుండా ఉండటమే ఇక్కడ కష్టమైన పని. కొత్తవాళ్లకు ముందుగా నేర్పాల్సింది ఇదే. యోబు స్నేహితులు ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేల మీద మౌనంగా కూర్చున్నంతసేపూ మంచి స్నేహితులే.

అపొస్తలుడైన పౌలు తన శరీరంలోని ముల్లు (తీరని బాధ) తీసేయమని మూడుమారులు వేడుకున్నాడు. "నా కృప నీకు చాలును" అన్న జవాబు ఆ మూడు మారుల తర్వాత వచ్చింది. వేడుకోనివ్వకుండా జవాబును మాత్రం రోగి చేతిలో పెట్టడం సంఘాల్లో తరచూ జరుగుతుంది. ఆమె మంచం పైన ఆ వాక్యం పటం కట్టి ఉంది. తీయించలేదు. నాలుగో వారంలో తనే దాన్ని తన వైపు తిప్పి పెట్టమంది.

చూడవచ్చే వాళ్లకు పాస్టరు ఆదివారం ప్రకటనల్లో చెప్పారు: ఒకసారికి ఇద్దరు, పది నిమిషాలు, మధ్యాహ్నం 2 గంటల మాత్ర వేళకు ఎవరూ వద్దు, "సాక్ష్యం చెప్పు" అని అడగవద్దు. పాలు, గుడ్లు, ఆటో కిరాయి ఎవరు ఏ వారం చూసుకోవాలో స్త్రీల మైత్రి వంతులు వేసుకుంది. డబ్బు సంగతి తేలాకే మిగతా కారణాలు పూర్తిగా వదిలాయి. ఇద్దరు పెద్దలు వచ్చి యాకోబు 5:14 ప్రకారం నూనె రాసి ప్రార్థించారు. ఈసారి "బాగైపోయింది" అని ఎవరూ ప్రకటించలేదు. జమ్మలమడుగు ప్రాంతంలో లండన్ మిషన్ రోజుల నుంచి గుడీ ఆసుపత్రీ కలిసే పెరిగాయి. నూనే మాత్రా పక్కపక్కన ఉండటం ఇక్కడి క్రైస్తవులకు కొత్త కాదు, మరచిపోయారంతే.

చివరి వారాలు

ఐదో వారంలో డాక్టరు ఒక్కో మాత్ర పూర్తిగా వేయమన్నారు. క్యాలెండరు గడుల్లో మూడు, రెండు, అప్పుడప్పుడు నాలుగు. రాత్రి విసుర్లు తగ్గిపోయాయి. ఒక ఉదయం కట్టు మారుస్తుండగా ఆమె కోడలి చెయ్యి పట్టుకుని, "మే, నీ మీద ఊరికే అరిసినానే. నొప్పి నీకు చెప్పకుండా కోపం చెప్పినా" అంది. ఓర్పు మొదలైంది ఆ రోజేనని మేము లెక్కవేశాం. నొప్పి లేదని కాదు, అది పోవాల్సిన చోటికి పోతోందని.

ఎనిమిదో వారం నుంచి మింగడం కష్టమైంది. ఈమెకు ఇచ్చేది త్వరగా కరిగే రకం కాబట్టి నూరి కొంచెం నీళ్లలో కలిపి చెంపలోకి పోశారు. పన్నెండు గంటలు పనిచేసే రకాన్ని ఎప్పుడూ నూరకూడదు, మందంతా ఒక్కసారే దిగుతుంది. తర్వాత చర్మం కింద ఇంజెక్షన్‌కు మార్చారు. ప్రభురాత్రి భోజనం రొట్టె చిన్న తునక ద్రాక్షారసంలో తడిపి నాలుక మీద పెట్టారు.

పదకొండో వారం, తెల్లవారుజామున పోయింది. అంతకుముందు రోజు గడిలో కోడలి రాత: "2 అణాలు. దప్పి అని అడిగింది. దూదితో తడిపినా. ఇంకొంచెం అని అడిగింది."